ఉప్పాడ కనబడని ఫోటోలు

ఉప్పాడ,
9 జూన్ 2024.

శ్రీదుర్గా,

నువ్వు క్షేమంగా పెనుగొండ చేరావని మీ ఆయన ఉదయభాస్కర్ ఫోను చేసి చెప్పాడు. నువ్వు చెయ్యలేదు. మేనత్త అంటే ఆ మాత్రం లోకువ ఉండాల్సిందేలే. ఇక్కడ నేనూ మీ మామయ్యా బాగానే ఉన్నాం. ఆయన మోకాలు నొప్పి ఆయన దగ్గరే ఉంది, నా నోరు నా దగ్గరే ఉంది.

ఈ రోజుల్లో ఉత్తరమేంటని నవ్వకు. ఫోనులో నువ్వు చెబుతున్నంతసేపూ అన్నీ అర్థమైనట్టే ఉంటాయి. ఊఁ ఊఁ అంటాను. ఫోను పెట్టేసి కంప్యూటర్ ముందు కూర్చుంటే ఒక్క ముక్క గుర్తుండదు. మళ్ళీ చేస్తే నువ్వు క్లాసులో ఉంటావు. అందుకని మొన్న నువ్వు పెట్టి వెళ్ళిన ఆ సింక్ వ్యవహారమంతా తెలుగులో, పెద్ద అక్షరాలతో, కాగితం మీద రాసి పంపు. కీబోర్డు ఎదురుగా గోడకి అంటించుకుంటాను. బడిపిల్లలకి కంప్యూటర్ నేర్పేదానివి, అత్తకి నేర్పలేకపోతావా?

నువ్వు భయపడింది నిజమే. ఉప్పుగాలికి ఇక్కడ గోడకి కొట్టిన మేకులే నిలవవు, కంప్యూటర్ ఏం నిలుస్తుంది? అలలు బీచి రోడ్డు ఎక్కి దిగుతున్నాయి. మన స్టూడియోకీ సముద్రానికీ మధ్య ఇప్పుడు పాపాయి ఇల్లొక్కటే అడ్డం. ఫోటోలన్నీ ఇంటర్నెట్టులో ఆ క్లౌడులో దాచుకోమని నువ్వంటే, మీ మామయ్య చంద్రరావుగారికి ఒకటే నవ్వు. “వానాకాలం వస్తోంది, మబ్బులో పెడితే తడుస్తాయేమో కనుక్కో” అంటాడు. ఆయనకేం, ఫోటో తియ్యడంతో ఆయన పని అయిపోయింది. దిద్దేదాన్ని నేను కదా, దాచుకునే బాధా నాదే.

పాపాయి అంటే నీకు గుర్తుందో లేదో. పొద్దున్నే చేపల తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చి, నువ్వు నిద్ర లేవలేదని కేకలు వేసిందే, ఆవిడ. కిందటి నెలలో వాళ్ళ మనవరాలు వెంకటదుర్గకి వాళ్ళింటి ముందే పందిరి వేసి ఓణీల ఫంక్షన్ చేశారు. మీ మామయ్య తీసిన ఫోటోలు నువ్వు చెప్పినట్టే కెమెరాలోంచి నేరుగా నువ్వు చేసిపెట్టిన ఫోల్డర్లో పడేశాను. పక్కన ఆకుపచ్చ టిక్కులు కూడా వచ్చాయి. రేపటి నుంచి ఒక్కొక్కటే తీసి దిద్దుతాను.

ఈ కవరుతో పాటు ఎండు నెత్తళ్ళు పంపిస్తున్నాను. వంకాయలో వేసి వండు.

మీ అత్తయ్య,
శ్యామలాంబ.


పెనుగొండ,
15 జూన్ 2024.

అత్తయ్యకి నమస్కారాలు,

నెత్తళ్ళు అందాయి. మేం తీసుకోకముందే వాసన వీధంతటికీ అందింది. కొరియర్ అతను కవరుని రెండు వేళ్ళతో పట్టుకుని, చెయ్యి బారుగా చాపి ఇచ్చాడు. మా ఇంటిగలావిడ చేపలు ముట్టదు, అగరుబత్తీలు వెలిగించి మెట్ల మీద పెట్టింది. ఉదయభాస్కర్ మాత్రం కూర గిన్నె నాకేశాడు. ఇంకోసారి పంపేటప్పుడు డబ్బాలో పెట్టి పంపండి, లేకపోతే మేం ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వస్తుంది.

ఇక మీ పాఠం. కంప్యూటర్ ఆన్ చేశాక కింద కుడి మూలన చిన్న మబ్బు బొమ్మ ఉంటుంది చూడండి. దాని మీద అడ్డగీత ఉంటే నెట్ లేదని అర్థం. అప్పుడు మామయ్యగారి మీద కేకలు వెయ్యకుండా రూటర్ ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండి. గీత లేకపోతే అన్నీ బాగున్నట్టే. మీరు చెయ్యాల్సిందల్లా దిద్దిన ఫోటోని ‘స్టూడియో’ అనే ఫోల్డర్లో సేవ్ చెయ్యడం. మిగతాది అదే చూసుకుంటుంది. ఫోటో పక్కన నీలం బాణాలు గుండ్రంగా తిరుగుతున్నాయంటే ఇంకా వెళ్తోందని. ఆకుపచ్చ టిక్కు వచ్చిందంటే పైకి చేరిపోయిందని. టిక్కు వచ్చేదాకా కంప్యూటర్ ఆపకండి. మీ కంప్యూటర్లో మీరు ఏది చేస్తే పైన కూడా అదే అవుతుంది, సింక్ అంటే అంతే. ఆ పైన ఉన్నవి నేను ఇక్కణ్ణుంచి నా ఫోనులో చూడగలను. కాబట్టి మీరు పని ఎగ్గొట్టి సీరియల్ చూస్తే నాకు తెలిసిపోతుంది.

నిజంగానే రోజూ చూస్తున్నాను. సాయంత్రం బియ్యం పొయ్యి మీద పెట్టి పాత పెళ్ళిళ్ళ దగ్గర్నుంచి ఒక్కొక్క ఫోటోనే జరుపుకుంటూ పోతుంటే ఎంత బాగుందో. మొన్నటి ఓణీలవాటి దాకా ఇంకా రాలేదు. మీ చేతి పని ఇంత ఉందని నాకు తెలియదు. ఆ మొహాల్లో నునుపు, ఆ చీర అంచుల్లో మెరుపు, చెప్పలేను.

ఒక్కటే అనుమానం. ఇవన్నీ ఉప్పాడలో తీసినవే కదా. ఇప్పటిదాకా చూసినవాటిలో ఒక్కదానిలో కూడా ఉప్పాడ కనబడదేంటత్తయ్యా? ఎక్కడ చూసినా మంచుకొండలూ, పూలతోటలూ. పెళ్ళికూతురి వెనక జలపాతం, పెళ్ళికొడుకు వెనక ఈఫిల్ టవరు. మా స్కూల్లో పిల్లలకి నాలుగు చూపిస్తే, “టీచర్, ఈ పెళ్ళి ఏ దేశంలో జరిగింది?” అని అడిగారు. క్లాసంతా ఒకటే నవ్వులు.

మామయ్యగారి మోకాలికి ఆవాల నూనె కాచి రాయండి.

మీ మేనకోడలు,
శ్రీదుర్గ.


ఉప్పాడ,
22 జూన్ 2024.

శ్రీదుర్గా,

నా ఫోటోలు చూసి మీ స్కూలంతా కడుపుబ్బ నవ్వుకున్నారని తెలిసి చాలా సంతోషం. ఈసారి పరీక్షలో ఒక ప్రశ్న కూడా ఇవ్వు.

కాపురానికి వచ్చిన కొత్తలో మీ మామయ్య నా చేతికి ఒక సన్నటి పెన్సిలు ఇచ్చి, అద్దం బల్ల ముందు కూర్చోబెట్టాడు. కింద బల్బు వెలుగుతుంటే, నెగెటివ్ మీద ఈగ కాలంత గీత గియ్యాలి. చెయ్యి వణికితే మనిషి మొహం పోయినట్టే. మొటిమ పోవాలంటే ఆ నెగెటివ్ మీదే పోవాలి, మచ్చ పోవాలంటే దాని మీదే పోవాలి. దిద్దిన తర్వాత ఇంకా దిద్దనిది ఎక్కడుంటుంది? కంప్యూటర్ వచ్చాక కాకినాడ వెళ్ళి నేర్చుకున్నాను. పని అదే, పద్ధతీ అదే. దిద్దడం అవగానే సేవ్ కొడతాను. పాతదాని మీద కొత్తది కూర్చుంటుంది. పాతది దాచుకుని ఎవరికి చూపించుకోవాలి, మచ్చల మొహాలు?

ఉప్పాడ కనబడదేంటి అన్నావు. ఇక్కడి వాళ్ళు నన్ను ఏమని అడిగేవారో నీకు తెలుసా? “అమ్మగారూ, ఎనకాల ఆ సంద్రం తీసేసి ఏదన్నా మంచిది పెట్టండి” అనేవారు. లేచింది మొదలు అదే చూస్తారు, దాని ఉప్పే తింటారు, దాని మీదే పోతారు. పెళ్ళి ఫోటోలో కూడా అదేనా? రేకుల కప్పూ, ఆరేసిన వలలూ, పగిలిన గోడా కనబడకుండా, ఒక్క ఫోటోలోనైనా దర్జాగా నిలబడాలని వాళ్ళకి ఉండదా? నేను నిలబెట్టాను. అడిగిన వాళ్ళకి అడిగిన దేశం ఇచ్చాను. అది నీకు నవ్వులాటగా ఉంది.

వెంకటదుర్గ ఫోటోలు మొన్ననే పూర్తి చేశాను. ఇల్లు మొత్తం తీసేసి, వెనక పాలరాతి స్తంభాల రాజమహలు పెట్టాను. పాపాయి చూసి, “మా మనవరాలు రాణీలాగుందండీ” అని, తడి చెయ్యి చీరకి తుడుచుకుని మరీ ఆల్బమ్ తిరగేసింది. అలాంటి మనిషిని తీసుకొచ్చి నీ క్లాసులో కూర్చోబెట్టి నవ్వమను చూద్దాం.

ఇక్కడ వానలు ఇంకా పడలేదు. మీ మామయ్య నీ ఉత్తరం చదివి “పిల్ల అడిగిన దాంట్లో తప్పేముంది” అన్నాడు. ఆయనకి రెండు రోజులుగా చప్పిడి పులుసే వడ్డిస్తున్నాను.

నవ్వులాటల అత్తయ్య.


పెనుగొండ,
30 జూన్ 2024.

అత్తయ్యా,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. మా పిల్లలు వెక్కిరించి నవ్వలేదండి. ముచ్చటపడి నవ్వారు. ఒక పిల్ల అయితే “మా అక్క పెళ్ళికి వీళ్ళ చేతే దిద్దిస్తాను” అంది. ఇవన్నీ రాయడం మర్చిపోయి నవ్విన సంగతొక్కటే రాశాను. నాది బుద్ధి తక్కువే, ఒప్పుకుంటున్నాను. మామయ్యగారికి మాత్రం ఉప్పూ కారం వెయ్యండి, పాపం.

మీ పద్ధతి తప్పనడం లేదు. కానీ ఇకనుంచి దిద్దాక సేవ్ కొట్టకుండా ‘సేవ్ యాజ్’ కొట్టి, వేరే పేరు పెట్టి చూడండి. దిద్దనిది దాని మానాన అది ఉంటుంది. దానికీ ఎప్పుడో ఒక అవసరం రావచ్చు. ఇలా రెండేసి ఉంచితే కంప్యూటర్లో చోటు చాలదంటారేమో. అనవసరమైనవి ఏవైనా ఉంటే తీసెయ్యండి, సరిపోతుంది.

ఇక్కడ కాలవలకి నీళ్ళు వదిలారు. ఊడ్పుల పనులు మొదలయ్యాయి, బడికి సగం మంది పిల్లలు రావడం లేదు. దేశవాళీ మామిడికాయలు అయిపోయే లోపు మాగాయ పెట్టాను. మీ చేతి రుచి రాలేదు.

కోపం పోతే ఒక్క ముక్క రాయండి.

శ్రీదుర్గ.


ఉప్పాడ,
19 జూలై 2024.

శ్రీదుర్గా,

కోపమేం లేదు. ఉంటే నీ మాగాయ గురించి రెండు పేజీలు రాసేదాన్ని. రాసే తీరిక లేకపోయింది, ఆ తర్వాత రాసే మనసు లేకపోయింది.

వాయుగుండం సంగతి టీవీలో చూసే ఉంటావు. టవరు పడిపోయి ఫోనులు లేవు. కరెంటు వస్తోంది, పోతోంది; వచ్చినప్పుడు స్టూడియోలో వైరు నెట్ మాత్రం పలుకుతోంది. మేం క్షేమం, స్టూడియో క్షేమం. పాపాయి ఇల్లు పోయింది. మధ్యాహ్నం పూట, అందరం చూస్తుండగా పోయింది. ముందు వెనక గోడ, తర్వాత వంటిల్లు, తర్వాత అంతా. బుల్లిరాజు, అంటే పాపాయి కొడుకు, వలలూ ఇంజనూ ముందే బయటకి లాగేశాడు. పాపాయి బిందె ఒకటి పట్టుకుని మన అరుగు మీద నిలబడి చూసింది. ఏడవలేదు. వీధిలో అందరూ ఏడ్చారు, నేను కూడా ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు.

ఇప్పుడు వాళ్ళు కోనపాపపేటలో పాపాయి అక్క ఇంట్లో ఉంటున్నారు. మొన్న నడుచుకుంటూ వచ్చింది. కాఫీ ఇస్తే తాగింది. తాగి, “అమ్మగారూ, మా ఇల్లు అగుపడే పొటో ఒకటి ఇయ్యండి” అంది. “నేను కాపురానికొచ్చిన ఇల్లు కదా, కళ్ళు మూసుకుంటే నిన్నటిదాకా అగుపడేది. ఇయ్యాల పొద్దున్న లేచి చూత్తే కిటికీ ఏ పక్కనుందో గుర్తు రాలేదు” అంది. బుల్లిరాజు ఫోను పడవలో తడిసి ఎప్పుడో చచ్చింది. పిల్ల ఫోనులో అన్నీ మొహాలే, ఇల్లు ఎక్కడుంది? నేను ఎంత ధీమాగా చెప్పానో తెలుసా, “దానికేం పాపాయీ, నా దగ్గర మీ ఇంటి ఫోటోలు కొల్లలుగా ఉన్నాయి, మూడు రోజులాగి రా” అని.

కరెంటు ఉన్నంతసేపూ వెతికాను. పాపాయి కూతురి పెళ్ళి ఆ ఇంట్లోనే జరిగింది. ఆ ఫోటోలు తెరిచాను, వెనక మంచుకొండలు. బుల్లిరాజు పెళ్ళి, పూలతోట. మనవరాలి పుట్టినరోజు, జలపాతం. మొన్నటి ఓణీల ఫంక్షన్, నేను పెట్టిన ఆ రాజమహలు. ఆ ఇంటి ముందు నిలబడిన మనుషులందరూ ఉన్నారు. ఇల్లు ఎక్కడా లేదు. మీ మామయ్యని కెమెరా కార్డు అడిగితే, ఎప్పుడో చెరిపేసి వేరే పెళ్ళికి వాడేశాడు. పక్కిల్లు కదా, ఎప్పుడైనా దాని ఫోటో విడిగా తీశారా అని అడిగాను. రోజూ చూసే పక్కింటిని ఎవరైనా ఫోటో తీస్తారా అన్నాడు.

నువ్వు అడిగావు చూడు, ఉప్పాడ కనబడదేంటని. అప్పుడు మండిపడ్డాను. ఇప్పుడు అదే మాట నా చెవిలో కూర్చుని కదలడం లేదు. పాపాయి రేపు వస్తే ఏం చెప్పాలో తెలియడం లేదమ్మా. చాలా సిగ్గుగా ఉంది.

ఆ మంచుకొండలు చూడలేక నిన్న కంప్యూటర్లోంచి ఫోటోలన్నీ తీసేశాను. అనవసరమైనవి తీసెయ్యమన్నావుగా. వీటికంటే అనవసరమైనవి ఏముంటాయి? అయినా పైన క్లౌడులో ఉన్నాయిగా, అడిగిన వాళ్ళకి అక్కణ్ణుంచి ఇచ్చుకోవచ్చు. ఇక్కడ నా కళ్ళ ముందు లేకపోతే చాలు.

మీ అత్తయ్య.


పెనుగొండ,
19 జూలై 2024.

అత్తయ్యా,

ఎంత పని చేశారు! పొద్దున్న ఫోనులో చూస్తే మీ ఫోల్డర్ ఖాళీగా ఉంది. ఒక్కటంటే ఒక్క ఫోటో లేదు. మీరు అక్కడ తీసేస్తే పైనా పోతాయని గోడకి అంటించిన కాగితంలో రాశానుగా! ఫోను చేస్తుంటే కలవడం లేదు. మామయ్యగారిదీ కలవడం లేదు. తుఫాను వల్లో, నా ఫోను ఎత్తకూడదనో నాకు తెలియడం లేదు.

నా మీద కోపం వస్తే నన్ను తిట్టండి. వచ్చి జుట్టు పట్టుకుని నాలుగు కొట్టండి. మీరు పెన్సిలు పట్టిన నాటి నుంచి చేసిన పనంతా ఒక్క రోజులో చెరిపేస్తారా? అది మీ ఒక్కరిదే అనుకున్నారా? మీరు స్కాన్ చేసి పెట్టిన నా అన్నప్రాసన ఫోటో కూడా అందులోనే ఉంది. ఉదయభాస్కర్ బస్సులు తిరుగుతున్నాయేమో కనుక్కోవడానికి వెళ్ళాడు. తిరుగుతుంటే రేపే బయల్దేరతాను.

ఇంకేం రాయాలో తోచడం లేదు. క్షేమమని ఒక్క మాట చెప్పించండి చాలు.

శ్రీదుర్గ.


పెనుగొండ,
24 జూలై 2024.

అత్తయ్యా,

బస్సులు తిరగక బయల్దేరలేకపోయాను. మీ ఉత్తరం నిన్న అందింది. నేను రాసినదానికీ మీరు రాసినదానికీ తేదీ ఒకటే. మీరు అక్కడ పాపాయి కోసం బాధపడుతుంటే, నేను ఇక్కడ కూర్చుని నా మీద కోపం తీర్చుకున్నారని శోకాలు పెట్టాను. దాన్ని చించి పారెయ్యండి. మామయ్యగారికి చూపించకండి.

ముందు మంచి మాట. ఫోటోలు పోలేదు. తీసేసినవాటిని క్లౌడు వాళ్ళు కొన్నాళ్ళు చెత్తబుట్టలాంటి దాంట్లో ఉంచుతారట. అందులోంచి అన్నీ మళ్ళీ పైకి తెచ్చాను. కరెంటు రాగానే మీ కంప్యూటర్లోకి వాటంతట అవే దిగుతాయి. దయచేసి ఈసారి ముట్టుకోకండి.

ఇంకో మాట ఉంది, అది రాయడానికే చేతులు ఆగడం లేదు. మీ ఉత్తరం చదివాక ఓణీల ఫోటోలు ఒకటొకటే తెరిచి చూస్తున్నాను. పక్కన ‘పాత రూపాలు’ అన్నట్టు ఒక మాట కనబడింది. నొక్కాను. మీరు దిద్ది అదే పేరుతో సేవ్ కొడితే మీ కంప్యూటర్లో పాతది పోతుంది. పైన మాత్రం ముందు వచ్చినదాన్ని వెంటనే పారెయ్యకుండా, కొత్తదాని కింద అట్టిపెడతారు. ఈ సంగతి నాకు కూడా తెలియదు, ఇన్నాళ్ళూ పిల్లలకి పాఠం చెబుతున్నా. మీరు ఓణీల ఫోటోలు దిద్దకముందే ఫోల్డర్లో పడేశారు చూడండి, అదే మేలైంది. మిగతా పెళ్ళిళ్ళవన్నీ సింక్ పెట్టకముందే దిద్దినవి, వాటికి పాత రూపాలు లేవు. ఆ ఒక్క ఫంక్షన్‌వి మాత్రం అన్నీ ఉన్నాయి.

ఇల్లు ఉందత్తయ్యా. వెంకటదుర్గ కుర్చీలో కూర్చుంది, వెనక ఇల్లు మొత్తం ఉంది. నీలం తలుపు, పసుపు రాసిన గుమ్మం. కిటికీ గుమ్మానికి ఎడమ పక్కన ఉందని పాపాయికి చెప్పండి. కిటికీ ఊచకి చిన్న అద్దం, దువ్వెన కట్టి ఉన్నాయి. అరుగు మీద వల కుప్ప, దాని మీద పిల్లి పడుకుంది. నేను ఆ ఇంట్లోకి ఎప్పుడూ వెళ్ళలేదు, అయినా చూస్తుంటే కళ్ళ నీళ్ళు ఆగలేదు.

కరెంటు ఎప్పుడొస్తుందో అని ఇక్కడే పెద్ద సైజులో ప్రింట్ తీయించి ఈ కవరులో పెట్టాను. అసలు ఫోటోలు ‘దిద్దనివి’ అని వేరే ఫోల్డర్లో పెట్టాను. మిమ్మల్ని నవ్వించాలని రాసిన మాట మిమ్మల్ని ఇంత బాధ పెడుతుందనుకోలేదు. మీరు వాళ్ళకి ఇచ్చిన ఆ దేశాలు కూడా నాకు ఇష్టమే, ఒట్టు.

మీ శ్రీదుర్గ.


ఉప్పాడ,
4 ఆగస్టు 2024.

నా బంగారు తల్లికి,

నువ్వు చించెయ్యమన్న ఉత్తరం మీ మామయ్య నాకంటే ముందే చదివేశాడు. జుట్టు పట్టుకుని కొట్టమన్న చోట వేలు పెట్టి, “ఇది రాసిచ్చింది కాబట్టి ఎప్పుడైనా వాడుకోవచ్చు” అంటున్నాడు. దాచి పెట్టాడు కూడా.

ఫోటో అందిన రోజున ఆయన్ని ఆటో ఎక్కించి కోనపాపపేట పంపించాను, కిందటిసారి ఇంకా వెతుకుతున్నానని చెప్పి వట్టి చేతులతో పంపిన పాపాయిని తీసుకురమ్మని. కరెంటు వచ్చేసింది. నువ్వు చెప్పినట్టే ఫోటోలన్నీ వాటంతట అవే దిగాయి. ప్రింట్ చేతికిచ్చి, కంప్యూటర్లో కూడా పెద్దది చేసి పెట్టాను. పాపాయి స్టూలు లాక్కుని, తెరకి ముక్కు తగిలేలా కూర్చుంది. “కిటికీ ఇక్కడ” అంది.  తర్వాత ఒక్కొక్కటే వేలితో తాకుతూ చెప్పుకుంటూ పోయింది. అద్దం ఆవిడ పెనిమిటి కాకినాడ తీర్థంలో కొన్నాడట. పిల్లి ఇప్పుడు ఎక్కడుందో తెలియదట. గుమ్మానికి పసుపు రాసింది వెంకటదుర్గట, సగం వంకరగా రాసిందట. అప్పుడు ఏడ్చింది, శ్రీదుర్గా. ఇల్లు పడిపోయిన రోజున ఏడవనిదంతా ఆ స్టూలు మీద కూర్చుని ఏడ్చింది. నేను పక్కన కూర్చుని వీపు రాశాను.

ఏడుపు ఆగాక కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. ఇంటి కప్పుకి పక్కగా తెల్లటి నురగ కనబడుతోంది. ఫోటో తీసిన నాటికే అల వెనక గోడ దాకా వచ్చేసిందన్నమాట. మనం పందిరి కిందకి చూశామే గాని అటు చూడలేదు. పాపాయి దాని మీద వేలు పెట్టి, “ఇది ఇంత దగ్గర్లో ఉండేది కాదమ్మగారూ” అంది. “నేను కాపురానికొచ్చినప్పుడు మా ఎనకాల ఇంకో రెండు వరసల ఇళ్ళుండేవి. ఆటెనకాల కొబ్బరి చెట్లు. పడవలు లాగే ఇసుక. ఆపైన ఎక్కడో సంద్రం. దీన్ని కాత్త ఎనక్కి జరపండి” అంది.

నేను మౌసు మీంచి చెయ్యి తీసేశాను. దిద్దని ఫోటో విలువ ఏమిటో ఇప్పుడే తెలిసింది కదా, దీని మీద మళ్ళీ చెయ్యి వెయ్యనని పొద్దున్నే మీ మామయ్య ముందు ప్రతిజ్ఞ చేశాను. అదే పాపాయికి చెప్పాను. “ఇది ఉన్నది ఉన్నట్టు ఉండాలి, నేను ముట్టుకోను” అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. “ఉన్నది ఉన్నట్టే చెయ్యమంటున్నానండి. ముందు ఎలాగుందో అలాగ” అంది.  దీనికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి.

‘సేవ్ యాజ్’ కొట్టాను. వేరే పేరు పెట్టాను. నీ మీద ఒట్టు, అసలుది కదపలేదు.

తర్వాత కూర్చున్నాను. ముందు నురగ తీసేశాను. ఎన్నేళ్ళ నుంచో ఇదే సముద్రాన్ని తీసేస్తున్నదాన్ని, అయినా ఈసారి అంగుళం అంగుళమే తుడిచాను. అది ఉన్న చోట ఇసుక పరిచాను. పాపాయి చెబుతుంటే వెనక వరసలో ఒక పెంకుటిల్లు పెట్టాను, ఎరుపు కాదు, మసిబారిన పెంకులన్నది, అలాగే చేశాను. ఆ ఇంట్లో ఎవరుండేవారో, వాళ్ళకీ వీళ్ళకీ ఏం తగువులో అన్నీ చెప్పింది. కొబ్బరి చెట్లు నిటారుగా పెడితే, వంగి ఉండాలంది. ఆ చెట్ల కింద పడవ ఒకటి బోర్లా పెట్టించింది. ఒక్కొక్కటి పెట్టినప్పుడల్లా సముద్రం ఇంకొంచెం వెనక్కి పోయింది. “ఇంకా ఎనక్కి” అంటోంది. “ఇంకా.” మీ మామయ్య కూడా వచ్చి మా వెనక నిలబడ్డాడు. “అవునే, ఇలాగే ఉండేది” అన్నాడు. 

చివరికి చెట్ల మధ్యలోంచి సన్నటి నీలం గీత ఒకటే మిగిలింది, చీర అంచంత. ఇంత పనీ చేసి దీన్ని మాత్రం ఎందుకు ఉంచాలనిపించింది. ఇల్లు మింగింది కదా, అక్కసు నాకూ ఉంది. “ఇది కూడా తీసేస్తాను పాపాయీ, ఒక్క నిమిషం పని” అన్నాను.

ఆవిడ గబుక్కున మౌసు మీద ఉన్న నా చెయ్యి పట్టుకుంది.

“అయ్యో, వద్దమ్మగారూ. ఆ మాత్రం ఉండనియ్యండి. మా బుల్లిరాజు వేటకెళ్ళాలి కదా” అంది.

ఉంచాను.

మీ అత్తయ్య.